నూనె కావలసిన చోటు, కూడని చోటు: తొలి మోటారు కార్ల బ్రేకులు

యంత్రాలలో ఘర్షణను తగ్గించడానికి మనిషి పడిన శ్రమ ఇంతా అంతా కాదు. బండి ఇరుసుకు కందెన పెట్టినా, కుట్టుమిషనుకు చుక్క నూనె వేసినా, ఇంజనులో డబ్బాలకొద్దీ నూనె పోసినా అంతా ఘర్షణను జయించడానికే. కాని మోటారు కారులో ఒక భాగం ఘర్షణ మీదనే ఆధారపడి పనిచేస్తుంది. అది బ్రేకు. తిరిగే చక్రాన్ని ఏదో ఒక వస్తువు గట్టిగా ఒరుసుకొంటేనే కారు ఆగుతుంది. ఆ ఒరిపిడిలో కారు గతిశక్తి ఉష్ణంగా మారిపోతుంది.

అయితే బ్రేకు అంటే ఒరుసుకొనే ఆ తలం ఒక్కటే కాదు. డ్రైవరు కాలు మోపే పెడలు మొదలుకొని చక్రం వరకు మీటలు, కడ్డీలు, చీలలు, కీళ్ళు ఎన్నో ఉంటాయి. ఇవన్నీ తేలికగా కదలాలి. ఇక్కడ ఘర్షణ ఉంటే కాలి బలం దారిలోనే ఖర్చయిపోతుంది. అంటే ఒకే యంత్రాంగంలో ఒకచోట నూనె లేకపోతే అపాయం. అక్కడికి అంగుళం దూరంలో నూనె ఉంటే అపాయం. తొలి యాభై సంవత్సరాలలో కార్లను తయారుచేసినవారినీ, నడిపినవారినీ, బాగుచేసినవారినీ వేధించిన చిక్కులలో ఇది ముఖ్యమైనది.

జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల వాహనానికి 1886 జనవరి 29 న పేటెంటు హక్కు కోరాడు. ఆనాటి బ్రేకుల గురించి మనకు తెలిసిన మంచి వృత్తాంతం ఆయన భార్య బెర్తా బెంజ్‌ది. 1888 ఆగస్టులో ఆమె తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు, అంటే సుమారు 100 కిలోమీటర్లు, కారులో ప్రయాణం చేసింది. దారిలో పల్లాలు దిగేటప్పుడు చెక్కతో చేసిన బ్రేకు దిమ్మెలు అరిగిపోసాగాయి. ఆమె ఒక చెప్పులు కుట్టేవానిచేత ఆ దిమ్మెల మీద తోలు ముక్కలు కొట్టించింది. బ్రేకు లైనింగుకు నాంది ఇదేనని చెబుతారు. అరిగే భాగం వేరు, దానిని మోసే భాగం వేరు అన్న ఆలోచన అందులో ఉన్నది. అరిగినదాన్ని మాత్రం తీసివేసి కొత్తది వేసుకోవచ్చు. అటు తర్వాత వచ్చిన బ్రేకులన్నీ ఈ ఆలోచన మీదనే నిలిచాయి.

గుర్రపు బండ్లలో చక్రపు కమ్మీని దిమ్మెతో నొక్కే పద్ధతి ఉండేది. తొలి కార్లలో కొన్ని దానినే తెచ్చుకొన్నాయి. గాలి నింపిన రబ్బరు టైర్లు రావడంతో ఆ పద్ధతి చెల్లలేదు. దిమ్మె ఒరిపిడికి టైరు ఎన్నాళ్ళు మన్నుతుంది? అందుచేత చక్రానికో, చక్రాన్ని తిప్పే ఇరుసుకో ఒక డ్రమ్మును బిగించి, దానిచుట్టూ ఒక పట్టీని చుట్టి, ఆ పట్టీని బిగించి లాగే బ్రేకు వచ్చింది. ఈ పట్టీ బ్రేకు చేయడం సులభం. డ్రమ్ము ఒకవైపు తిరిగేటప్పుడు పట్టీ తనంత తానే మరింత బిగుసుకొంటుంది కాబట్టి కొద్దిపాటి బలం చాలు. కాని డ్రమ్ము రెండవవైపు తిరిగితే ఆ లాభం పోతుంది. మెట్ట ఎక్కుతూ ఆగిపోయిన కారు వెనక్కు జారితే చాలా పట్టీ బ్రేకులు నిలవలేకపోయేవి. అందుకే తొలి కార్లలో కొన్నింటికి వెనుకవైపు నేలలో గుచ్చుకొనే ఇనుప కడ్డీ ఒకటి వ్రేలాడదీసేవారు.

పట్టీ బ్రేకుకు మరో దోషం, అది బయట ఉండడం. రోడ్డుమీది బురద, నీరు, చక్రాలను తిప్పే గొలుసునుండి చిందే నూనె అన్నీ దానిమీదనే పడేవి. 1902 లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము లోపలనే రెండు వంకర షూలను అమర్చి, అవి బయటికి విచ్చుకొని డ్రమ్మును ఒరుసుకొనే బ్రేకును ప్రవేశపెట్టాడు. దీనివల్ల బురద బెడద చాలావరకు తగ్గింది. నూనె బెడద మాత్రం తగ్గలేదు సరిగదా, ఒక విధంగా పెరిగింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్లు, ఈ నూనె బయటినుండి రాలేదు. ఇరుసు గొట్టంలోనుండే వచ్చింది. వెనుక ఇరుసు మధ్యలోని పళ్ళచక్రాలు నూనెలో మునిగి తిరుగుతాయి. ఆ నూనె మట్టం కాస్త ఎక్కువైనా, కారు ఒక ప్రక్కకు ఒరిగిన రోడ్డుమీద నడిచినా, నూనె గొట్టం వెంబడి ప్రాకి చివరనున్న డ్రమ్ములో చేరేది. దానిని ఆపడానికి ఆనాడు ఉన్నది ఒక ఫెల్టు చుట్ట మాత్రమే. బయటి బురద గాలికి ఎండి రాలిపోవచ్చు. డ్రమ్ములో చేరిన నూనెకు బయటికి పోయే దారి లేదు. నూనె తక్కువ పోసిన సోమరి కన్న, భద్రతకోసమని ఎక్కువ పోసిన జాగ్రత్తపరుడే తన బ్రేకులను ఎక్కువ పాడుచేసుకొన్నాడనవచ్చు.

లైనింగుగా తోలు ఎంతోకాలం నిలవలేదు. వేడికి అది మాడిపోతుంది. ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండప్రాంతంలో బండ్లవాళ్ళు పల్లం దిగేటప్పుడు బ్రేకు దిమ్మెకు పాత బూట్లు తగిలించడం చూసి హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయనకు మంచి లైనింగు తయారుచేయాలన్న ఊహ కలిగిందని చెబుతారు. 1897 లో ఆయన ఈ పని ప్రారంభించాడు. మొదట నూలువంటి నారబట్టను జిగురు పదార్థాలలో నానబెట్టి గట్టిపరిచాడు. నూలు కూడా ఎక్కువ వేడికి ఆగదు కనుక 1908 ప్రాంతంలో ఆస్బెస్టాస్ అనే రాతినారను ఇత్తడి తీగతో కలిపి నేసి లైనింగులు చేశాడు. రాతినార మండదు, ఇత్తడి తీగ బలాన్నిస్తుంది. ఆయన ఇంటిపేరు అక్షరాలను తారుమారు చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరాన్ని చేర్చి పెట్టిన 'ఫెరోడో' అన్న పేరు బ్రేకు లైనింగులకు ప్రపంచమంతటా ప్రసిద్ధమైంది.

నూనెనుండి బ్రేకును కాపాడడానికి అందరూ ఇంత పాటుపడుతూ ఉంటే, బ్రేకును నూనెలోనే ముంచివేసిన కారు ఒకటి వచ్చింది. అది హెన్రీ ఫోర్డు 1908 నుండి 1927 వరకు కోటిన్నరకు పైగా తయారుచేసిన మోడల్ టి. దానిలో కాలి బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ఇంజను వెనుకనున్న గేర్ల పెట్టెలో ఒక డ్రమ్ము, దానిచుట్టూ నూలు లైనింగు వేసిన పట్టీ ఉంటాయి. ఇంజనుకు, గేర్లకు ఒకటే నూనె. అదే ఈ పట్టీని కూడా తడుపుతూ ఉంటుంది. మరి బ్రేకు ఎలా పట్టుతుంది? నూలు నూనెను పీల్చుకొంటుంది. పట్టీని బిగించినప్పుడు తలాల మధ్యనున్న నూనె పొర చాలావరకు నలిగి తప్పుకొంటుంది. వదలినప్పుడు మళ్ళీ చేరి వేడిని తీసుకొనిపోతుంది. తడి పట్టీకి ఘర్షణ తక్కువే. కాని ఆ లోపాన్ని పూడ్చే వీలు ఈ అమరికలోనే ఉన్నది. వెనుక ఇరుసు ఒకసారి తిరగడానికి ముందున్న దండం సుమారు 3.6 సార్లు తిరగాలి. కాబట్టి పెట్టెలోని డ్రమ్మును ఆపే ప్రయత్నం చక్రాల దగ్గరికి వెళ్ళేసరికి 3.6 రెట్లు బలపడుతుంది. పైగా ఆ బలం ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ ద్వారా రెండు చక్రాలకూ సమానంగా పంచబడుతుంది. ఒక ప్రక్కకు లాగే బాధ ఉండదు.

ఇంత చక్కని ఏర్పాటులో ఒక భయంకరమైన లోపం కూడా ఉన్నది. బ్రేకుకూ చక్రానికీ మధ్య పొడవైన దండం, పళ్ళచక్రాలు, ఇరుసులు ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి విరిగినా, ఒక్క చీల తెగినా, కాలి బ్రేకు ఎంత తొక్కినా పెట్టెలోని డ్రమ్ము ఆగుతుంది గాని కారు ఆగదు. అప్పుడు మిగిలేది చేతి మీట. అది వెనుక చక్రాల డ్రమ్ములలో చిన్న ఇనుప షూలను కదిలిస్తుంది. చాలా సంవత్సరాలపాటు వాటికి లైనింగే లేదు. ఇనుము మీద ఇనుము. అవి నిలిపిన కారును కదలకుండా ఉంచడానికే గాని, పరుగెత్తే కారును ఆపడానికి ఉద్దేశించినవి కావు. పైగా ఇరుసు చివరి బేరింగులకు పెట్టిన గ్రీజు కరిగి ఆ డ్రమ్ములలోకే కారేది. అనుభవంగల డ్రైవర్లు కాలి పట్టీ అరిగిపోతే వెనుకకు నడిపే పెడలును తొక్కి కారు ఆపేవారు.

ఈ పట్టీల పోషణ కారు యజమాని పనే. అరిగినకొద్దీ గేర్ల పెట్టె మీది చిన్న తలుపు విప్పి మర బిగించాలి. లైనింగు పూర్తిగా పోతే పైమూత తీసి కొత్తది వేయాలి. ఆ పనిలో ఒక నట్టు చేయిజారి పెట్టెలో పడితే దానిని పైకి తీయడం ఒక పూట పని. అరిగిన నూలు పీచు నూనెలో కలిసి, నూనె పోయే సన్నని గొట్టానికి అడ్డుపడేది. అంటే బ్రేకును అశ్రద్ధ చేస్తే శిక్ష ఇంజనుకు పడేది.

ఇతర కార్లలో చిక్కు కీళ్ళ దగ్గర ఉండేది. దీనిని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. పెడలు నుండి చక్రం వరకు పది కీళ్ళున్నాయనుకొందాం. ప్రతి కీలూ తనకు అందిన బలంలో నూటికి 95 వంతులు ముందుకు పంపితే, పదవ కీలు దాటేసరికి మిగిలేది సుమారు 60 వంతులు. ప్రతి కీలూ 90 వంతులే పంపితే మిగిలేది 35 వంతులు మాత్రమే. ఒక్కొక్క కీలు దగ్గర అయిదు వంతుల తేడా, చక్రం దగ్గర దాదాపు సగానికి సగం తేడాగా మారుతుంది. పాఠశాలలో ఈ లెక్క విద్యార్థులచేత చేయించదగినది. డ్రైవరు ఎంత బలంగా తొక్కినా కారు ఆగకపోవడానికి కారణం లైనింగులో కాక, ఎక్కడో తుప్పుపట్టిన చీలలో ఉండవచ్చునని దీనివల్ల తేలుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఎడమవైపు కీళ్ళు నూనెతో తేలికగా కదులుతూ, కుడివైపువి బిగుసుకుపోయి ఉంటే, ఎడమ చక్రానికే బ్రేకు ఎక్కువగా పడుతుంది. కారు ఎడమకు లాగుతుంది. తడి రోడ్డుమీద ఇది కారును గిర్రున త్రిప్పివేయగలదు. కొన్నిసార్లు తుప్పు బ్రేకును పడనీయకపోవడం కాక, పడినదానిని వదలనీయదు. షూలు డ్రమ్మును ఒరుసుకొంటూనే ఉంటాయి, డ్రమ్ము కాగిపోతుంది, పెట్రోలు వృథాగా ఖర్చవుతుంది.

కాబట్టి ఆనాటి కార్ల పుస్తకాలలో ఏ కీలుకు ఎన్ని మైళ్ళకు ఒకసారి నూనె వేయాలో తెలిపే పటం తప్పకుండా ఉండేది. రెండు మూడు వందల మైళ్ళకే నూనె కోరే భాగాలు కొన్ని. చీలలకు నూనె డబ్బాతో చుక్కలు వేసేవారు. అడ్డు ఇరుసుల బేరింగుల మీద చిన్న ఇత్తడి గ్రీజు గిన్నెలుండేవి. వాటి మూతను ఒక చుట్టు బిగిస్తే కొంత గ్రీజు లోపలికి పోయేది. గొట్టంలో నడిచే ఉక్కుతాళ్ళకు గ్రాఫైటు కలిపిన గ్రీజు. నూనె వేసేముందు కీలును శుభ్రంగా తుడవడం కూడా పనిలో భాగమే. తుడవకపోతే నూనెలో దుమ్ము కలిసి, చీలను అరగదీసే ఆకురాయి పొడిలా తయారవుతుంది. అన్నిటిలోకీ సున్నితమైన చోటు, షూలను విచ్చదీసే క్యాము ఇరుసు డ్రమ్ములోకి దూరే రంధ్రం. నూనె రాజ్యానికీ, నూనె నిషిద్ధమైన రాజ్యానికీ అదే సరిహద్దు. ఆ ఇరుసు తిరగాలంటే కందెన కావాలి. ఒక చుక్క ఎక్కువైతే అది లైనింగు మీదికే పోతుంది.

సమతలం మీద సక్రమంగా ఉన్న కందెన కొండ దిగేటప్పుడు ఎందుకు మోసం చేస్తుంది? మనుషులతో కలిపి 800 కిలోగ్రాముల బరువున్న కారు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో పోతూ ఆగిందనుకొందాం. బ్రేకులలో పుట్టే ఉష్ణం సుమారు 126 కిలోజౌళ్ళు. అదే కారు వేగం పెరగకుండా, బ్రేకు మీదనే, 100 మీటర్ల ఎత్తునుండి దిగితే పుట్టే ఉష్ణం సుమారు 784 కిలోజౌళ్ళు, అంటే ఆరు రెట్లు. ఎత్తు 500 మీటర్లయితే ఎంతో ఊహించుకోవచ్చు. ఆనాడు ఎక్కువగా వాడిన గ్రీజు సున్నపు సబ్బుతో నూనెను చిక్కబరిచినది. అది నీటికి బాగా ఆగుతుంది గాని, 100 డిగ్రీల సెంటిగ్రేడుకు కాస్త అటూ ఇటూగా కరిగి నీరైపోతుంది. సోడియం సబ్బుతో చేసినది అంతకంటె ఎక్కువ వేడికి నిలుస్తుంది గాని, నీరు తగిలితే చెడిపోతుంది. వానకూ, వేడికీ రెండింటికీ ఆగే లిథియం గ్రీజు 1940 తర్వాత గాని రాలేదు. అందుచేత కొండ దిగే కారులో వరుసగా జరిగేది ఇది: డ్రమ్ము వేడెక్కుతుంది, ప్రక్కనున్న బేరింగు గ్రీజు కరుగుతుంది, అది లైనింగు మీదికి కారుతుంది. బ్రేకు ఎంతో అవసరమైన క్షణంలోనే బ్రేకు జారిపోతుంది.

నూనె త్రాగిన లైనింగును పెట్రోలుతో కడిగి ఆరబెట్టేవారు. కొందరు దానికి నిప్పంటించి లోపలి నూనెను మండించివేసేవారు. తాత్కాలికంగా ముల్తానీ మట్టి చల్లి నూనె పీల్పించడం కూడా ఉండేది. ఏది చేసినా పైకి పొడిగా కనబడిన లైనింగు మళ్ళీ వేడెక్కగానే లోతుల్లోని నూనెను పైకి క్రక్కుతుంది. కొత్త లైనింగు వేయడమే సరైన మార్గం. దానికంటె ముందు నూనె ఎక్కడనుండి వస్తున్నదో వెదకి ఆపాలి. రెండవపని చేయకుండా మొదటిపని చేసినవారు నెలకే మళ్ళీ వచ్చేవారు.

మొదటి ప్రపంచయుద్ధం నాటికి చాలా కార్లకు వెనుక చక్రాలకే బ్రేకులుండేవి. నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం 1911 లో తయారు చేయించిన రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్‌ను హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో చూసినవారు దాని ముందు చక్రాలను గమనిస్తే ఈ సంగతి తెలుస్తుంది. కారు ఆగేటప్పుడు బరువు ముందుకు మొగ్గుతుంది కాబట్టి నిజానికి ముందు చక్రాల బ్రేకులే ఎక్కువ పనిచేయగలవు. కాని ముందు చక్రాలు ప్రక్కలకు తిరుగుతాయి. వాటివరకు కడ్డీలను తీసుకొనిపోవడం సులభం కాదు. 1919 లో వెలువడిన హిస్పానో-సుయిజా హెచ్ 6 వంటి కార్లు ఈ పని నేర్పుతో సాధించాయి. నాలుగు చక్రాల బ్రేకులతో కారు ఆగే దూరం తగ్గింది. కీళ్ళ సంఖ్య పెరిగింది.

కీళ్ళు పెరిగేసరికి కందెన పెట్టే పద్ధతి కూడా మారవలసివచ్చింది. గిన్నెల స్థానంలో చిన్న మొనలు బిగించి, ఎక్కువ ఒత్తిడితో గ్రీజు ఎక్కించే గన్ను అమెరికాలో అలెమైట్ పేరుతో వ్యాప్తిలోకి వచ్చింది. ఇది పనిని తేలిక చేసింది గాని, పొరపాటును కూడా తేలిక చేసింది. చేతి గిన్నెతో ఎక్కువ గ్రీజు ఎక్కించడం కష్టం. గన్నుతో నాలుగు నొక్కులు అధికంగా నొక్కితే గ్రీజు ఫెల్టును దాటి డ్రమ్ములో పడుతుంది. 1929 నాటి రోల్స్‌రాయిస్ ఫాంటమ్ 2 వంటి ఖరీదైన కార్లలో డ్రైవరు ఒక పెడలు తొక్కితే సన్నని గొట్టాల ద్వారా చాసిస్ కీళ్ళన్నిటికీ నూనె తనంత తానే చేరేది.

ఈ కీళ్ళనే లేకుండా చేసినది ద్రవపీడనపు బ్రేకు. మూసిన ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రం పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. మాల్కమ్ లాక్‌హీడ్ దీనిని కారు బ్రేకులకు అన్వయించాడు. 1921 లో డ్యూసెన్‌బర్గ్ కార్లలోను, 1924 లో క్రైస్లర్ కార్లలోను నాలుగు చక్రాలకూ ఇవి వచ్చాయి. ఎడమా కుడీ తేడా లేదు. తుప్పుపట్టే చీలలు లేవు. ఐనా ఫోర్డు మాత్రం ఉక్కు కడ్డీలనే నమ్ముకొని 1939 మోడల్ వరకు వీటిని దగ్గరికి రానీయలేదు. ద్రవం కారిపోతుందన్న ఆయన భయం పూర్తిగా నిరాధారమని అనలేము. మొదట వాడిన పచ్చితోలు గిన్నెలు కారేవి. క్రైస్లర్ ఇంజనీర్లు వాటి బదులు రబ్బరు గిన్నెలు పెట్టిన తర్వాతనే ఆ చిక్కు తీరింది.

రబ్బరు రావడంతో మరొక ప్రశ్న వచ్చింది. గొట్టాలలో ఏ ద్రవం పోయాలి? ఇంజను నూనెవంటి ఖనిజతైలం తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. నీరు గడ్డకడుతుంది, తుప్పు పట్టిస్తుంది. చివరకు పనికి వచ్చినది ఆముదం. అది రబ్బరును పాడుచేయదు. కదిలే భాగాలకు చక్కని కందెన. అన్నిటికీ మించి, ఖనిజతైలాలవలె కాక ఆల్కహాలులో బాగా కరుగుతుంది కాబట్టి, చిక్కదనాన్ని కావలసినంత తగ్గించుకోవచ్చు. ఆముదపు గింజలను ప్రపంచంలో అత్యధికంగా పండించే దేశం భారతదేశమే. తెలంగాణలో నల్లగొండ, మహబూబ్‌నగర్ చేలలో పండిన ఆ గింజలో ఇటువంటి గుణముందని పిల్లలకు చెప్పదగినదే.

ఈ మిశ్రమానికీ ఒక బలహీనత ఉన్నది. ఆల్కహాలు తక్కువ వేడికే మరుగుతుంది. గొట్టంలో ఆవిరి పుడితే పెడలు బలమంతా ఆవిరిని నొక్కడానికే సరిపోతుంది. అందుచేత తర్వాతి కాలంలో 200 డిగ్రీలు దాటితే గాని మరగని గ్లైకాల్ జాతి ద్రవాలు వచ్చాయి. అవి గాలిలోని తేమను పీల్చుకొంటాయి. తేమ చేరేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. కనుక కొంతకాలానికి మార్చవలసిందే. మెకానిక్కులు దీనిని ఇప్పటికీ 'బ్రేకాయిలు' అనే అంటారు. పేరులో ఆయిలు ఉన్నదని ఎవరైనా ఇంజను నూనె పోస్తే రబ్బరు గిన్నెలన్నీ ఉబ్బిపోతాయి.

లైనింగులోని రాతినార మాత్రం చాలాకాలం కొనసాగింది. అరిగిన రాతినార ధూళిగా మారి డ్రమ్ములో చేరుతుంది. షెడ్డులలో పనివాళ్ళు దానిని గాలితో ఊది శుభ్రం చేసేవారు; అంటే ఆ ధూళిని తామే పీల్చేవారు. రాతినార నేసే కార్మికుల ఊపిరితిత్తులకు కలిగే వ్యాధిని గురించి బ్రిటిష్ ప్రభుత్వానికి 1930 లోనే నివేదిక అందింది. ఐనా బ్రిటన్‌లో దాని వాడకాన్ని పూర్తిగా నిషేధించడానికి 1999 వరకు పట్టింది. నూనె కీళ్ళలో ఉన్నదా లేదా అని అంత శ్రద్ధగా చూసిన ఆ చేతులకు, దుమ్ము తమ ఊపిరిలో చేరుతున్నదని చెప్పినవారు చాలాకాలం లేరు. పాత కారు డ్రమ్ము విప్పేవారు ఇప్పటికైనా దానిని ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి.

మోడల్ టి తో పోయిందనుకొన్న తడి బ్రేకు కూడా మళ్ళీ వచ్చింది. ఈనాడు మన పొలాలలో తిరిగే ట్రాక్టర్లలో చాలావాటికి నూనెలో మునిగి పనిచేసే బ్రేకులున్నాయి. దమ్ము చేసే మడిలో బురదా నీరూ లోపలికి చేరకుండా పళ్ళేలన్నీ మూసిన పెట్టెలో ఉంటాయి. వేడిని నూనె తీసుకొనిపోతుంది. ఒక్కొక్క పళ్ళెం వద్ద తగ్గిన ఘర్షణను ఎక్కువ పళ్ళేలతో, ఎక్కువ ఒత్తిడితో పూడ్చుతారు. పాత కారులో నూలు పట్టీ చేసిన పనిని ఇక్కడ గట్టి లైనింగు పళ్ళేలు చేస్తాయి. నూనె మాత్రం ప్రత్యేకమైనది. పళ్ళచక్రాలకు కందెనగా ఉంటూనే బ్రేకు పట్టును పోనీయని ద్రవ్యాలు దానిలో కలుపుతారు. దాని బదులు వేరే నూనె పోస్తే బ్రేకు తొక్కినప్పుడల్లా ట్రాక్టరు వెనుక భాగం నుండి కీచుమని చప్పుడు వస్తుంది.